రాజుగారికి కోడిపుంజు

నిన్న అరకులో టీ తాగుతుంటే హోటల్ టీవీలో ఆ రాజుల సినిమా వచ్చింది. నా చిన్నప్పుడు మా కొండ కిందే కోట సెట్టు వేసి తీశారు. రాజు కుటుంబాన్ని తరిమేసే జనంగా మా ఊరివాళ్లనే పెట్టారు. తాత చేతికి థర్మాకోల్ రాయి ఇచ్చి విసరమన్నారు. అది తగిలి రాజు వేషగాడు కూలబడి ఏడ్చాడు.

మర్నాడు తాత నన్ను వెంటబెట్టుకుని, కోడిపుంజుతో అతని దగ్గరికెళ్లాడు. మా ఊళ్లో తప్పు చేసినవాళ్లు కోడి ఇచ్చుకోవాలి.

"అదంతా యాక్టింగ్, తాతా!" అన్నాడు అతను.

"రాయి ఉత్తిదే బాబూ. నీ కన్నీళ్లు నాను సూసినాను కదా."

అతను రెండు చేతులా పుంజును అందుకున్నాడు. ఇక రాజుకు తన కోట తిరిగొచ్చేస్తుందనుకున్నాను నేను.

తాత పోయి ఏళ్లయింది. కోడితో తీర్చుకున్న ఆ తప్పును తాత చేత సినిమా ఇంకా చేయిస్తూనే ఉంది.