చోక్ లేని లారీ

మా వదిన కుడి అరచేతిలో రెండు ఎర్రటి వలయాలు పక్కపక్కనే ఉండేవి. పొద్దున ముదురుగా కనిపించి, మధ్యాహ్నానికి వెలిసిపోయేవి. కొత్తవాళ్లు చూసి కాలిందా అని అడిగితే, కాదు, లారీ ముద్ర అని నవ్వేది. ఆ ముద్ర వేయించిన మహానుభావుడు మా అన్నయ్య.

నేను మెకానిక్‌ని. అన్నయ్యది డ్రైవింగు. ఒక పాత పెట్రోలు లారీ అతని సొంతం. గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటరు ఒంటినోటిదే అయినా, అది కలప దుంగలు మోసుకుంటూ మర్యాదగా ఎత్తు ఎక్కేది, కాకపోతే నెమ్మదిగా. ఆ నెమ్మదే మావాడికి గిట్టలేదు. పాత ఇనుము కొట్లోంచి జంటనోళ్ల కార్బ్యురేటరు ఒకటి పట్టుకొచ్చాడు. దాని కింద ఉండే మానిఫోల్డుకి, అంటే గాలినీ పెట్రోలునీ సిలిండర్లకు పంచిపెట్టే గొట్టానికి, ఉన్నది ఒకటే బెజ్జం. వద్దన్నయ్యా, ఇది దీనికి సరిపడదు అని తల బద్దలు కొట్టుకున్నాను. వింటేనా! ఆకురాయి పట్టుకుని గుమ్మం ముందు కూర్చుని, ఆ బెజ్జాన్ని చేత్తోనే అరగదీసి వెడల్పు చేశాడు. రెండింటి మధ్యలోకి ఒక అల్యూమినియం పలక కోసి పెట్టాడు. అంతా బిగించాక బానెట్ మూతపడలేదు. దానికేముంది అని, కార్బ్యురేటరు పైభాగాన్ని చోక్ రేకుతో సహా రంపంతో కోసి అవతల పారేశాడు. మీద ఒక పల్చటి ఫిల్టరు పెట్టి, చేత్తో తిప్పే నట్టు బిగించాడు.

చల్లబడ్డ ఇంజిను అందుకోవాలంటే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ వెళ్లాలి. చోక్ చేసే పని అదే. అది లేకపోయేసరికి ఆ ఉద్యోగం మా వదినకొచ్చింది. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఫిల్టరు తీసి, ఆ రెండు నోళ్లకూ అరచెయ్యి అడ్డం పెట్టి, "ఊ, తిప్పండి" అనేది. లోపలినుంచి అన్నయ్య తాళం తిప్పేవాడు. ఇంజిను ఆమె చేతిని జుర్రున పీల్చి, దగ్గి, అందుకునేది. ఒక్కోసారి మంట ఎదురుతన్ని మణికట్టు మీద వెంట్రుకలు కమిలేవి. నన్ను చేసుకుంది చోక్ కోసమేనా అని ఆమె సాధించేది. చోక్ అయితే ఇంత మాట్లాడదే అనేవాడు వాడు. వీళ్ల సరసం చూడలేక చచ్చేవాణ్ణి. అప్పుడప్పుడు వెంట తీసుకెళ్లి, తిరుగు దారిలో ఖాళీ బండి ఆమెకిచ్చి నడపమనేవాడు. అలా డ్రైవింగు నేర్చుకుంది.

అన్నయ్య కలప అడితిలోనే పోయాడు. లోడు ఎక్కిస్తుంటే గుండె పట్టుకుని లారీ చక్రానికి జారగిలబడ్డాడట. నేను వెళ్లేసరికి అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. వదిన కూడా ఏడవలేదు. ఇద్దరం మొద్దుల్లా వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాం.

తర్వాత వదిన, బండి నేను నడుపుతానంది. అడితి యజమాని సరేనన్నాడు గానీ, గేటు తెరిచే వేళకు లారీ అక్కడ ఉండాలన్నాడు. రోజూ నేను వెళ్లి చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి, ఆమె తాళం తిప్పేది. ఒక పొద్దున నాకు జ్వరం వచ్చి లేవలేకపోయాను. పక్కింటివాళ్లను పిలిస్తే మంటకు భయపడి ఎవరూ చెయ్యి పెట్టలేదట. లోడు ఇంకో లారీకి వెళ్లింది. మళ్లీ ఇలా అయితే రానక్కర్లేదు అని యజమాని ముఖం మీదే చెప్పాడు. ఆ పనీ పోతే ఇక ఆ బండిని కొనేది పాత ఇనుము కొట్టువాడే.

వదిన ఆ సాయంత్రం మా షెడ్డుకు వచ్చింది.

"నువ్వు పడుకుంటే నా బండీ పడుకోవాలా అబ్బాయ్? నేనొక్కదాన్నే స్టార్ట్ చేసుకునేలా చెయ్యి. ఏం పీకేస్తావో, ఏం అతికిస్తావో నీ ఇష్టం."

సెలవు రోజున బండి విప్పాను. జంటనోళ్లది పైకి ఎత్తితే, మానిఫోల్డు లోపల అన్నయ్య ఆకురాయి గీతలు కనిపించాయి. ఒకచోట రాయి జారి, పై అంచు మీద లోతుగా గాడి పడింది. అది చూసి ఆనాడు నేను ఎంత వెక్కిరించానో! ఇప్పుడైనా ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

పాత ఒంటినోటి కార్బ్యురేటరు అన్నయ్య మంచం కింద దొరికింది. నూనె రాసి, తన పాత చొక్కాలో చుట్టి దాచాడు మొండిఘటం. అవసరం పడదని నాతో ఎంత వాదించాడు! వెడల్పయిన బెజ్జం మీద అది కూర్చోదు కాబట్టి, ఒకే కన్నంతో కొత్త పలక చేశాను. అతుకులో గాలి దూరకుండా పెట్టే గ్యాస్కెట్ అట్టను అంచుల వెంట సుత్తితో తట్టి కోశాను. బిగించి నడిపిస్తే ఇంజిను ఊగిసలాడింది. గాలి ఎక్కడ దూరుతోందోనని అతుకు చుట్టూ నూనె చుక్కలు వేసి చూశాను. ఆ గాడి దగ్గరే చుక్కను లోపలికి పీల్చేసింది. పోయినా నన్ను తిప్పలు పెట్టడం మానలేదు వీడు అని తిట్టుకుంటూ మళ్లీ విప్పాను. ఆ గాడిలో ఎపాక్సీ జిగురు నింపి, అది గట్టిపడ్డాక చదునుగా రుద్ది బిగించాను. ఈ పాతదానికున్న చోక్ తీగను డ్రైవరు ముందుకు లాగి, చివర నల్ల గుండీ పెట్టాను.

బండి బాగా చల్లబడ్డాక వదినను ఎక్కమన్నాను. గుండీ లాగింది, తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది. "అయింది" అంది, పోయిన కరెంటు వచ్చిందన్నట్టు. నాకూ సంతోషమేమీ అనిపించలేదు. పనిముట్లు తుడుచుకుని ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున, ఎందుకైనా మంచిదని వెళ్లి వదిన ఇంటి గేటు దగ్గర నిలబడ్డాను. వదిన తాళాల గుత్తి బొడ్లో దోపుకుని, జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. తిన్నగా ముందుకు వెళ్లి బానెట్ ఎత్తింది. ఫిల్టరు మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఊ, తిప్పండి" అంది.

క్యాబిన్‌లో ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. ఆమె అలాగే, తల వంచుకుని, ఇంజిను అందుకోవడం కోసం చూస్తోంది. కాసేపటికి తనే చెయ్యి తీసి, బానెట్ దించి, నావైపు తిరిగింది.

"ఈ బానెట్‌కి తాళం పెట్టెయ్ అబ్బాయ్. చెవి నీ దగ్గరే ఉంచుకో."

ఎక్కి, చోక్ లాగి, స్టార్ట్ చేసుకుని అడితికి వెళ్లిపోయింది. గేటు పట్టుకుని నేను ఏడ్చాను.