ఎల్లమ్మ తొడిగించుకోని గాజులు

పొద్దున షట్టరెత్తగానే మీ గడప ముందు నిలబడే మొదటి మనిషిని మీరు మనిషిగా చూస్తారా, శకునంగా చూస్తారా? దుకాణం నడిపే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. తొందరపడి జవాబు చెప్పకండి. ఈరోజు ఉదయం నేను షట్టరెత్తేసరికి మిర్చి ఘాటు గొంతుకు తగిలింది. వరంగల్లో ఈ కాలంలో బస్తాల లారీలు యార్డుకు పోతుంటే గాలంతా ఇలాగే ఉంటుంది. దగ్గుతూ తలెత్తితే రోడ్డుకు అవతల, ఇంకా తెరవని మందుల దుకాణం మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని నా వైపే చూస్తోంది. చెయ్యూపి రమ్మన్నాను. రాలేదు. "నువ్వు బోణీ చేస్కో బిడ్డా, ఎవలన్న వచ్చి పోయినంక నేనొస్త" అని అక్కడి నుంచే కేకేసింది. ఆమె ఎల్లమ్మ. మిర్చి యార్డులో కాయలు ఏరే పని చేసేది. తన ముఖం చూస్తే ఎదుటివాళ్ల బేరం చెడుతుందేమోనన్న భయం ఆమెకు ఒకప్పుడు ఉండేది. దాన్ని పోగొట్టింది ఒక మనిషి. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఆ భయాన్ని పెట్టిందీ ఆ మనిషే. నాకు వ్యాపారం నేర్పింది కూడా ఆ మనిషే. పోయిన వానాకాలంలో కన్నుమూసిన మా నర్సమ్మ అత్త.

నర్సమ్మ అత్త నాకు చుట్టం కాదు. చీరలకు ఫాల్స్ కుట్టే నా దుకాణం గోడకు అవతలి వైపు ఆమె గాజుల దుకాణం. భర్త నడిపినది. ఆయన పోగానే దుకాణం మూసేయమని అయినవాళ్లందరూ చెప్పారు. "మొగడు సచ్చినదాని చేత గాజులు ఎవలు తొడిగించుకుంటరే" అని ఆడపడుచు వాకిట్లో నిలబడి అడిగిందట. ఆ మాట ఎంత క్రూరమైనదో, వ్యాపారం లెక్కలో అంత నిజం కూడా. పెళ్లి గాజులకు వచ్చేవాళ్లు నిజంగానే రావడం మానేశారు. మరి ఏం చేశావని ఒకసారి అడిగాను. "ఏం జేస్త? రానోళ్ల కోసం ఏడ్సుకుంట కూసుంటే దినం గడ్వదు గదా. ఎవలొస్తరో సూడాలె అనుకున్న" అంది. ఇంత సాదా మాట వెనక ఎంత ఆలోచన ఉందో తర్వాత అర్థమైంది. తెల్లవారుజామున యార్డు పనికి పోయే ఆడవాళ్లు ఆ దారినే నడిచేవారు. వాళ్లలో చాలామంది భర్తలు పోయినవాళ్లు. బజారులో మిగతా దుకాణాలు పొద్దెక్కాక తెరుచుకునేవి. తెరిచినా అగరుబత్తి వెలిగించి, "మంచి బోణీ" అయ్యేదాకా అలాంటి ఆడవాళ్లను గడప తొక్కనిచ్చేవారు కాదు. అత్త అందరికంటే ముందు షట్టరెత్తింది. బయట ఒక స్టూలు వేసింది. డజను కొంటేనే ఇస్తామనే బజారులో, పగిలిన జతకు సరిపోయే ఒక్క గాజు కూడా వెతికి ఇచ్చింది. పనిచేసే చేతుల గాజులు పగలకుండా ఎట్లా ఉంటాయి?

ఎల్లమ్మ మొదటిసారి కూతురి కోసం వచ్చింది. ఆ సంగతి అత్త ఎన్నిసార్లు చెప్పినా ఇద్దరి గొంతులూ తనే అనుకరించి చెప్పేది. కూతురి గాజులు కాగితంలో చుట్టి ఇస్తూ "మరి నీకో, ఎల్లక్కా?" అని అడిగిందట. "నాకెందుకు నర్సవ్వా, మొగడు పాయె." "నాకూ పాయె. నా చేతులు సూడు" అని అత్త మోచేతి దాకా ఉన్న ఆకుపచ్చ గాజులు గలగలలాడించింది. ఎల్లమ్మ అటూ ఇటూ చూసి "ఎవలన్న ఏమన్నంటరు" అంది. "గాజు నీ చేతికి ఏస్తన్ననా, నీ మొగని చేతికా? చెయ్యిటు తే!" మిర్చి కారంతో మండుతున్న ఆ చేతులను నీళ్లతో కడిగి, వేళ్లు కలిపి నొక్కి, రెండేసి గాజులు తొడిగింది. మర్నాడు ఎల్లమ్మ వెంట యార్డు ఆడవాళ్ల గుంపే వచ్చింది. అత్త దుకాణానికి బోర్డు కంటే పెద్ద ప్రచారం ఎల్లమ్మ చేతులే. అప్పటినుంచి రోజూ పనికి పోయే ముందు ఎల్లమ్మ ఆ స్టూలు మీద కాసేపు కూర్చునేది. కొన్నా కొనకపోయినా చాయ్ తాగేది. కొడుకు తాగి వచ్చిన సంగతి, మోకాళ్ల నొప్పి, అన్నీ చెప్పుకుని, మనసులో బరువు దించుకుని పోయేది.

నేను ఆ వీధికి వచ్చింది వేరే దారిలో. సంఘసంస్కరణ సభల్లో వాదించి వాదించి నాలుక పదునెక్కాక దుకాణం పెట్టాను. ఎదురుగా గోడ మీద "ఇక్కడ ముహూర్తాలు చూడబడవు" అని రాయించాను. ఒకరోజు ఒకామె కూతురి పెళ్లి చీరలు తెచ్చి, అమావాస్య పోయాక కుట్టడం మొదలుపెట్టమంది. చంద్రుడికీ సూదికీ సంబంధం ఏమిటని అడిగాను. ఆమె ఒక మాటంటే నేను పది అన్నాను. చివరికి ఆమె చీరలన్నీ సంచీలో కుక్కుకుని వెళ్లిపోయింది. గోడ అవతల నుంచి అత్త నవ్వు వినిపించింది.

"గెలిసినవా విమలా?"

"గెలిచాను అత్తా. ఆమె దగ్గర ఒక్క జవాబు లేదు."

"మంచిగైంది. మరి సీరెలేవి?"

ఆమె గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి నా మిషను పక్కన కూర్చుంది. "నువ్వన్నది తప్పని నేనంటలే. కని ఆమె నీ తాన వాదం కుట్టిచ్చుకోనికి రాలే, ఫాల్ కుట్టిచ్చుకోనికి వచ్చింది. ముందుగాల సక్కగ కుట్టియ్యి. మల్లొస్తది. నాలుగు సార్లొస్తే నువ్వు ఆమె మనిషివైతవు. గప్పుడు అమాస సంగతి ఆమెనే అడుగుతది." ఆ గోడ మీది రాతను నేను చెరపలేదు. దాని కింద ఒక కుర్చీ మాత్రం వేశాను. వాదానికి ముందు మనిషిని కూర్చోబెట్టాలని ఏ సభలోనూ నాకెవరూ చెప్పలేదు. ఇప్పటికీ నా దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మంది ముహూర్తాలు చూసేవాళ్లే. కొందరు ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడుతూనే వాటిని మానేశారు.

తర్వాత రోజులు మారాయి. పెద్ద రోడ్డు మీద అద్దాల షోరూము వచ్చింది. చీర రంగు ఫోటో తీసి ఫోనులో పెడితే గాజులు ఇంటికే వచ్చే రోజులు వచ్చాయి. యార్డు ఆడవాళ్ల కూతుళ్లు మడికొండ వైపు ఉద్యోగాలకు పోతూ, చేతికి ఒక్క వాచీతో సరిపెట్టుకున్నారు. అత్త గాజుల డబ్బాల మీద దుమ్ము తుడిచే పనే ఎక్కువైంది. ఆ దుకాణం ఆమెకు అన్నం మాత్రమే కాదు. పదిమంది మూయమన్న రోజున మూయకుండా నిలబెట్టిన తన మాట అది. మూతపడితే ఆడపడుచు మాటే నిజమవుతుందని ఆమె భయం. అప్పుడే ఎవరో చెప్పారు, హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలులో చిన్న వ్యాపారులకు శిక్షణ ఉందని. నన్నూ వెంట తీసుకుపోయింది.

న్యాయం చెప్పాలి కదా, అక్కడ పనికొచ్చే మాటలు కొన్ని విన్నాం. సరుకు ఫోటోలు వాట్సాప్‌లో ఎలా పెట్టాలో, కొన్నవాళ్లను పేరు పెట్టి ఎలా పలకరించాలో చెప్పారు. తర్వాత సూటు వేసుకున్న ఒక కుర్రాడు వేదికెక్కాడు. "మీ షాపు ఖాళీగా ఉందంటే లోపం బజారులో లేదు, మీ మైండ్‌లో ఉంది" అన్నాడు. గిన్నెల వ్యాపారులూ, మొబైల్ దుకాణాలవాళ్లూ చప్పట్లు కొట్టారు. "రోజు మొదటి గంట బంగారం! ఆ గంటలో ఏడుపు మొహాలను దగ్గరికి రానివ్వకండి. నెగెటివ్ మనుషుల నుంచి నెగెటివ్ ఎనర్జీ వస్తుంది, మీ బేరం పోతుంది." నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. నేను చిన్నప్పటి నుంచి విన్న మాటే అది. పంచాంగం పక్కన పెట్టి, మైకు పట్టుకుని వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ మాటే అన్నాను. "ఇది బోణీ శకునమే అత్తా. పేరు మార్చాడంతే." ఆమె నా వైపు తిరిగింది. "దేవున్ని నమ్మొద్దన్నవు, సరే అన్న. జాతకం నమ్మొద్దన్నవు, సరే అన్న. ఇగ నన్ను నేను నమ్ముకునుడు గూడ తప్పేనా?" సభల్లో ఎందరి నోళ్లో మూయించిన నాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఇప్పుడు దొరికింది కానీ వినడానికి ఆమె లేదు. నిన్ను నువ్వు నమ్ముకోవడం తప్పు కాదు అత్తా. నీ నమ్మకం నిలబడాలంటే పక్క మనిషి కష్టం నీ గడప దాటకూడదని చెప్పడం తప్పు. షోరూము రావడానికి, ఫోను రావడానికి నీ మనసును దోషిగా నిలబెట్టడం తప్పు.

అత్త గల్లా ఎదుట అద్దం పెట్టింది. పొద్దున్నే అందులో చూసుకుని "నేను గెలుస్తా" అనేది. ఆ నెలలోనే పెళ్లిళ్లూ, మేడారం జాతరా కలిసి వచ్చాయి. గాజులు బాగా అమ్ముడుపోయాయి. పెళ్లిళ్ల కాలంలో గాజులు అమ్ముడుపోవడంలో వింత ఏముంది? కానీ ఆమెకు అది అద్దం మహిమగా కనిపించింది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఎల్లమ్మ వచ్చి, కొడుకును దవాఖానలో పడేసిన సంగతి చెప్పబోయింది. నేను తాళం తీస్తున్నాను. అత్త గొంతు మెత్తగానే వినిపించింది. "ఎల్లక్కా, జర పొద్దెక్కినంక రావే. మొదటి గంట నేను మంచి మాటలే వినాలె. ఏమనుకోకు." ఎల్లమ్మ లేచి, తను కూర్చున్న స్టూలును కొంగుతో తుడిచి, వెళ్లిపోయింది.

ఆ తుడవడం నా కళ్లలోంచి పోదు.

మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పెళ్లిళ్లు అయిపోయాయి, జాతర అయిపోయింది, అద్దం ఉండగానే దుకాణం మళ్లీ బోసిపోయింది. ఖాళీ దుకాణంలో ఖాళీ స్టూలు అత్తకు కనబడటం మొదలైంది. యార్డులో అడిగితే, ఎల్లమ్మ స్టేషన్ ఘన్‌పూర్‌లో కూతురి దగ్గరికి పోయిందన్నారు. ఇద్దరం రైలెక్కాం. అత్త ఒళ్లో ఎల్లమ్మ సైజు ఆకుపచ్చ గాజుల పొట్లం ఉంది. ఎల్లమ్మ మమ్మల్ని చూసి సంతోషపడింది, మంచమేసింది, చాయ్ పెట్టింది. చాయ్ ఇచ్చేటప్పుడు చూశాను. ఆమె చేతులు బోసిగా ఉన్నాయి.

"గాజులేవే ఎల్లక్కా?" అత్త అడిగింది.

"తీసిన."

"ఎందుకే?"

"నువ్వే అంటివి గదా నర్సవ్వా, పొద్దుగాల నా మొకం సూస్తే మంచిది కాదని."

"అయ్యో, నేనట్ల అనలే! జర సేపైనంక రమ్మన్న గంతే."

"గా జర సేపట్లనే ఉన్నది గదా" అంది ఎల్లమ్మ. కోపం లేదు ఆ మాటలో. అదే భరించలేనిది. "ఊరందరు అన్నప్పుడు నాకు లెక్కలేకుండె. నర్సవ్వ అన్నదంటే నిజమే ఉంటదనుకున్న." అత్త పొట్లం విప్పి చెయ్యి చాపింది. ఎల్లమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. "అద్దు. ఇట్లనే మంచిగున్నది. చాయ్ సల్లారుతాంది, తాగుండ్రి."

తిరుగు రైలులో అత్త కిటికీ పక్కన కూర్చుని ఒకేఒక మాట అంది. "మా ఆడిబిడ్డ నన్ను వాకిట్ల నిలవెట్టి అన్న మాట గిన్నేండ్లాయె, ఇంకా మర్సిపోలే. గదే మాట సూటేసుకోనొస్తే గుర్తువట్టకపోతిని విమలా." ఇంటికి రాగానే అద్దం తీసేసింది. మళ్లీ చీకటితోనే షట్టరెత్తి, స్టూలు బయటవేసి కూర్చునేది. యార్డుకు పోయే ఆడవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి చాయ్ పోసేది. కొందరు కూర్చునేవారు. దుకాణం పెద్దగా కోలుకోలేదు, కానీ ఆమె పోయే దాకా మూతా పడలేదు. ఆ పొట్లం మాత్రం ఎవరికీ అమ్మలేదు. దవాఖానకు పోయే రోజు నా చేతిలో పెట్టి, "ఎల్లక్క అస్తే ఇయ్యి" అంది.

ఈ ఉదయం నేనే రోడ్డు దాటి వెళ్లాను. చెయ్యి పట్టుకుని లేపి తీసుకొచ్చి, అత్త స్టూలు మీద ఎల్లమ్మను కూర్చోబెట్టాను. అది ఇప్పుడు నా దుకాణం ముందే ఉంటుంది. "నర్సవ్వ పోయిందని నిన్ననే ఎర్కైంది బిడ్డా" అని, మూసి ఉన్న పక్క షట్టరు వైపు చూసింది. నేను పొట్లం విప్పాను. ఆమె గాజులను ఒక్కొక్కటే తడిమి చూసింది. "నేను తొడగనా అవ్వా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నీ మీద కోపం లేదు బిడ్డా. ఆమె మల్లొక్కసారి వస్తే తొడిగించుకుందునేమో. నేను గూడ అప్పుడు చెయ్యియ్యకపోతి." ఇద్దరి మధ్య ఇక ఎవరూ తీర్చలేనిది ఆ పొట్లంలో ఉండిపోయింది. అంతలో ఒకామె చీర సంచీతో మెట్లెక్కింది. ఎల్లమ్మ అలవాటుగా లేవబోయి, స్టూలు తుడవడానికి కొంగు తీసింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి కదలనివ్వలేదు.

దుకాణదారులారా, మీ మనసు మార్చుకుంటే బేరం పెరుగుతుందని చెప్పేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. పనికొచ్చేది నేర్చుకోండి. కానీ ఫలానా మనిషిని దూరం పెట్టమన్న క్షణంలో ఆ హాలులోంచి లేచి బయటికి రండి. రేపు పొద్దున షట్టరెత్తినప్పుడు రోడ్డుకు అవతల ఎవరు ఆగిపోయారో చూడండి. మీ బోణీ కోసం వాళ్లను ఎదురుచూడనివ్వకండి. మీరే రోడ్డు దాటండి, చెయ్యి పట్టుకుని తీసుకురండి, కూర్చోబెట్టండి. వాళ్లు చెయ్యి చాచే రోజుల్లోనే ఆ పని చెయ్యండి.