ఉదాహరణల మాస్టారి బావమరిది

ఆ ఫ్యాకల్టీలో మొదటి ఏడాది చదివిన వాళ్ళలో ఎవరినైనా నిద్ర లేపి, మునిగిపోయిన ఖర్చంటే ఏమిటని అడగండి. పుస్తకంలో ఉన్న నిర్వచనం చెప్పరు. "మాస్టారి బావమరిది బూట్లు" అంటారు.

సగం ధరకు వస్తున్నాయని బావమరిది ఒక సైజు చిన్న బూట్లు కొన్నాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా డబ్బు పోశాను కదా అని అవి చిరిగేదాకా కుంటుతూ తిరిగాడు. "తిరిగిరాని ఖర్చు తలుచుకుని ఇంకా నష్టపోవడం అంటే ఇదే నాయనా" అంటూ మాస్టారు బల్ల చుట్టూ కుంటుతూ నడిచి చూపించేవారు. క్లాసు క్లాసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. పరీక్షలో మాత్రం ఒక్కరూ ఆ ప్రశ్న తప్పేవారు కాదు.

ఆయన్ని అందరూ ఉదాహరణల మాస్టారనే పిలిచేవారు. అసలు పేరు జీతాలిచ్చే ఆఫీసుకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆయన పనిచేసే సామాజిక ఆర్థిక శాస్త్రాల ఫ్యాకల్టీ గురించి కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. మూడో అంతస్తులో పొడుగాటి వరండా, దానికి రెండు వైపులా యూనిట్లు. కొన్ని పరిశోధన చేస్తాయి, కొన్ని పాఠాలు చెబుతాయి. సహకార రంగం మీద పరిశోధించే యూనిట్‌లో ఎంతమంది మనుషులో అన్ని టీ కెటిళ్ళు. ఒకరు కాచిన నీళ్ళు ఇంకొకరు ముట్టరు. పోటీ మార్కెట్ల యూనిట్‌లో వాళ్ళందరిదీ ఒకటే కెటిల్, ఒకటే పంచదార డబ్బా. కుటుంబ జీవనం మీద పరిశోధించేవాళ్ళు చీకటి పడినా ఇళ్ళకు కదలరు. వరండా చివర, నీళ్ళ పంపు రొద వినిపించే ఇరుకు గదిలో ప్రాథమిక బోధన యూనిట్ ఉంది. యూనిట్ అంటే ఉదాహరణల మాస్టారు, లెక్కలు చెప్పే మేడమ్, ఒక చక్రం ఊడిన కుర్చీ.

పరిశోధన యూనిట్ల వాళ్ళకు ఆ గదంటే చిన్నచూపు. "మీ దగ్గర పరిశోధన జరగదు కదండీ" అని జాలిపడేవారు. ఒకప్పుడు మాస్టారు కూడా ఏదో పరిశోధన మొదలుపెట్టారని వినికిడి. దాని గురించి ఎవరైనా అడిగితే ఆయన మాట మార్చేసేవారు.

ఆయన అసలు పరిశోధన ప్రతి ఆదివారం ఇంట్లోనే జరిగేది. బావమరిది, అంటే మాస్టారి భార్యకు తమ్ముడు, బజారులో గొడుగుల కొట్టు నడుపుతాడు. ఏ పని మొదలుపెట్టినా అది అతని నెత్తికే చుట్టుకునేది. ఒకసారి బోరున వాన కురుస్తుంటే జనం కొట్టు ముందు వరస కట్టారు. రేపు ఇంకా పెద్ద వాన వస్తుంది, ధర పెంచి అమ్మొచ్చని షట్టర్ దించేసి ఇంటికి పోయాడు. ఆ మర్నాటి నుంచి ఆ ఏడాది చుక్క రాలలేదు. ఇలాంటి సంగతులన్నీ మోసుకుని ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి వచ్చి, బావ ఎదురుగా కూర్చుని మొదలుపెట్టేవాడు.

మాస్టారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ముందుకు వంగి వినేవారు. "ఆ తర్వాత?" అనేవారు. "అప్పుడు నువ్వేమనుకున్నావు?" అని గుచ్చిగుచ్చి అడిగేవారు. అంత శ్రద్ధగా వినే మనిషి దొరికితే ఎవరికి మాత్రం చెప్పాలనిపించదు? "లోకంలో నా మాట వినేది మా బావ ఒక్కడే" అని బావమరిది కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. సోమవారం పొద్దున్న ఆ మాటలన్నీ ఫ్యాకల్టీలో పాఠమైపోయేవి. ఆ సంగతి మాత్రం అతనికి తెలియదు.

ఇలా ఏళ్ళు గడిచాక ఒకనాడు డీన్ గారికి పొదుపు గుర్తొచ్చింది. మొదటి ఏడాది పాఠాలు పరిశోధన యూనిట్లే తలా ఒక వారం చెబితే సరిపోతుందనీ, ప్రాథమిక బోధన యూనిట్ అవసరమా అనీ ఆయనకు సందేహం కలిగింది. సమీక్ష సంఘం వేశారు. సంఘం వచ్చి ఒక పాఠం విని, యూనిట్ ఉండాలో మూసెయ్యాలో తేలుస్తుంది. ఆ ఫ్యాకల్టీలో ఒక రివాజు ఉంది. సమాజం గురించి చదువు చెప్పేచోట సమాజం మాట కూడా వినాలని ప్రతి సమీక్ష సంఘంలోనూ బయటి మనిషిని ఒకరిని వేస్తారు. ఈసారి వర్తకుల సంఘాన్ని ఒక ప్రతినిధిని పంపమని అడిగారు. బేరాలు మానుకుని వెళ్ళే తీరిక ఎవరికుందా అని వర్తకులు చుట్టూ చూశారు. అందరి చూపూ గొడుగుల కొట్టు మీద పడింది.

ఆ ఆదివారం బావమరిది గుమ్మంలోంచే కేకేశాడు.

"బావా! మీ ఫ్యాకల్టీ వాళ్ళు నన్ను పిలిచారు! మీ పాఠం నేను వినాలట! విని మార్కులెయ్యాలట!"

మాస్టారి చేతిలో టీ తొణికి లుంగీ మీద పడింది. ఆ చురుకు కూడా ఆయనకు తెలియలేదు.

మర్నాడు ఆయన డీన్ గారి గదికి పరుగెత్తారు. "సార్, ఆ ప్రతినిధి స్వయానా నా బావమరిది. బంధువులు సమీక్షలో కూర్చోకూడదు కదా!"

డీన్ గారు నిబంధన తీసి చదివారు. "రక్తసంబంధీకులు కూర్చోకూడదనే ఉంది. బావమరిదికీ మీకూ రక్తసంబంధం ఏముందండీ?"

"లేదనుకోండి, కానీ..."

"మరింకేం? పైగా మీవాడే కదా, మీకు మంచిదేగా!"

తేలు కుట్టిన దొంగలా మాస్టారు బయటికొచ్చారు. అసలు కారణం చెప్పలేరు, చెప్పకుండా ఆపలేరు. పోనీ బావమరిదికే ముందుగా చెప్పేద్దామని సాయంత్రం గొడుగుల కొట్టుకు వెళ్ళారు. సమీక్షకని కుట్టించుకున్న కొత్త చొక్కా తొడుక్కుని అతను అద్దం ముందు నిలబడి ఉన్నాడు. "కాలరు సరిగ్గా ఉందా బావా? మీ పరువు కాపాడాలి కదా!" అన్నాడు. మాస్టారు కాలరు సర్ది, నోరు మూసుకుని తిరిగొచ్చారు.

ఇంట్లో ఆయన భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. "ఏమండీ, మొహం అలా పెట్టారేం?" అంది. ఇక దాచలేక ఆయన అంతా చెప్పేశారు.

"ఇన్నేళ్ళుగా మా తమ్ముడి మీద పాఠాలు చెబుతున్నారా?"

"ఏనాడూ పేరు చెప్పలేదే!"

"పేరొక్కటే మిగిల్చారన్నమాట. నా గురించి కూడా చెబుతారా?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. "ఒకటో రెండో. మంచివే."

"ఆ సంగతి తర్వాత తేలుద్దాం లెండి" అని ఆవిడ మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ మడతపెట్టింది. "వాడు ప్రతి ఆదివారం నన్ను చూడ్డానికి వస్తున్నాడనుకుంటున్నారా? నావైపు కన్నెత్తి కూడా చూడడు. చిన్నప్పుడు వాడు నోరు తెరిస్తే ఇంట్లో ఒక్కొక్కళ్ళం లేచిపోయేవాళ్ళం. నేనూ లేచిపోయేదాన్నే. మీరొక్కరే కూర్చుని విన్నారు. ఇప్పుడు అదీ పాఠం కోసమేనని తెలిస్తే వాడింక ఎవరి దగ్గరికి పోతాడు?"

ఆ మాటతో మాస్టారు లెక్క వేసుకున్నారు. యూనిట్ పోయినా ఏదో ఒక మూల కుర్చీ వేస్తారు. బావమరిది పోతే ఆదివారాలు పోతాయి. కావలసింది ఉదాహరణలా, ఆ మనిషా అని ఆయన తనను తాను అడగడం అదే మొదటిసారి.

సమీక్ష రోజు వచ్చింది. వెనక బెంచీలో డీన్ గారు, పక్కన పరిశోధన యూనిట్ల తరఫున ఒక ప్రొఫెసర్, ఆ పక్కన కొత్త చొక్కాలో బావమరిది. "వర్తకుల ప్రతినిధి" అని మాత్రమే పరిచయం చేశారు. బావమరిది బావకేసి చూసి, ఎవరూ గమనించకుండా, ధైర్యంగా ఉండమన్నట్టు తలాడించాడు. మాస్టారికి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఆనాటి పాఠం ఉమ్మడి వస్తువులు. బావమరిది ఊసెత్తకూడదని ఒట్టేసుకుని మాస్టారు మొదలుపెట్టారు. "ఒక వ్యక్తి ఉన్నాడనుకుందాం. అతన్ని అ అందాం. అతని పొరుగువాడు ఆ. వీరిద్దరికీ ఉమ్మడిగా ఇ అనే వస్తువు..."

క్లాసు ఆయన్ని వింతగా చూసింది. ఉ దాకా వచ్చేసరికి వెనక ఎవరో ఆవలించారు. డీన్ గారు గడియారం చూసుకున్నారు. ముందు బెంచీ అమ్మాయికి మాస్టారి మీద జాలేసింది. సాయం చేద్దామనే చెయ్యెత్తింది.

"మాస్టారూ, ఇదేం అర్థం కావట్లేదు. మీ బావమరిది బల్బు సంగతి చెప్పండి!"

"అవును మాస్టారూ! బల్బు! బల్బు!" అని క్లాసంతా అందుకుంది.

"ఏమిటా బల్బు?" అన్నారు డీన్ గారు, నిటారుగా కూర్చుంటూ.

మాస్టారు నోరు తెరిచేలోపే మూడో వరసలో పెద్ద గొంతున్న కుర్రాడొకడు లేచి, అడక్కుండానే అప్పజెప్పేశాడు. "మాస్టారి బావమరిది ఉండే మేడ మెట్ల మీద బల్బు పోయింది సార్. పై వాటా వాళ్ళు వేస్తారు కదా, నేనెందుకు కొనాలని ఆయన ఊరుకున్నాడు. చీకట్లో మెట్టు తప్పి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించుకుంటూ ఏమన్నాడో తెలుసా సార్? 'పోనీలే, బల్బు ఖర్చు తప్పింది' అన్నాడు!"

క్లాసు గొల్లుమంది. ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గదిలో నవ్వనివాళ్ళు ఇద్దరే.

బావమరిది మెల్లగా లేచి ముందుకు నడిచాడు. వానాకాలం దగ్గరపడితే అతని కాలు కాస్త లాగుతుంది. ఆ నడక చూసిన ముందు బెంచీ అమ్మాయి నవ్వు ఆపేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నిశ్శబ్దం ఒక్కో వరసే వెనక్కి పాకింది.

"నాకొక సందేహం మాస్టారూ" అన్నాడతను. బావా అనలేదు. "ఆ మేడలో పై వాటాలో అప్పట్లో ఎవరుండేవాళ్ళు?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. మాస్టారు ఆ పని చెయ్యలేదు.

"నేను" అన్నారు.

"మరి మీరెందుకు వెయ్యలేదు బల్బు?"

"నువ్వు వేస్తావనుకున్నాను."

 ఆ మాటకు లేచిన నవ్వుకు వరండాలో ఉన్న యూనిట్లన్నీ తలుపులు తీసి చూశాయి. నవ్వని మనిషి ఈసారి కూడా ఉన్నాడు. "అదన్నమాట" అని బావమరిది తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు.

డీన్ గారు మాత్రం ఆనందం పట్టలేకపోయారు. "శాస్త్రాన్ని నాటకంగా కట్టారండీ! పాత్రధారిని కూడా తీసుకొచ్చారు! ఎన్నాళ్ళు సాధన చేశారు?" అని మాస్టారి చెయ్యి ఊపేశారు. నిబంధన ప్రకారం ముందు బయటి మనిషి అభిప్రాయం అడిగితే, "ఈ యూనిట్ ఉండాలి. పిల్లలకు బాగా అర్థమవుతోంది" అన్నాడట బావమరిది. అన్నాక వెనక మెట్ల మీదుగా వెళ్ళిపోయాడు. యూనిట్ నిలిచింది. లెక్కల మేడమ్ బిస్కెట్లు పంచింది. మాస్టారు తన వంతు ముట్టలేదు.

ఆ ఆదివారం బావమరిది రాలేదు. మాస్టారు ముందు గదిలో కుర్చీ ఇటు జరిపారు, అటు జరిపారు. గుమ్మం దాకా వెళ్ళొచ్చారు. తమ్ముడి కోసం తీసిన కప్పును భార్య తిరిగి లోపల పెట్టేసింది. 

పై ఆదివారం వచ్చాడు. అక్క కబురు పెడితే వచ్చాడు. బావ ఎదురుగా కూర్చుని టీ తాగాడు.

"కొట్టెలా ఉంది?" అన్నారు మాస్టారు.

"బాగుంది."

"కాలు?"

"బాగుంది."

"కొత్తగా ఏమైనా..."

"అంతా బాగానే ఉంది బావా."

పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి నోట ఏదీ బాగుందన్న మాట ఎవరూ వినలేదు. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. క్షమించమని అడుగుదామనుకున్నారు. ఆ మాట పాఠంలా ఉంటుందనిపించి మింగేశారు. చివరికి, ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి ఆయన నోటంట బయటపడింది.

"నేనూ ఒక పరిశోధన చేస్తున్నానోయ్."

"దేని మీద?" అన్నాడు బావమరిది, కప్పులోకే చూస్తూ.

"రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే టెలిఫోన్ బూత్‌ల మీద."

బావమరిది తలెత్తాడు. "అవి ఇప్పుడెక్కడున్నాయి బావా?"

"లేవు. నేను రెండో అధ్యాయంలో ఉండగానే తీసేశారు."

"మరి?"

"అప్పటికే బోలెడు రాశాను కదా! మానేస్తే ఆ శ్రమంతా ఏమైపోవాలి? అందుకని రాస్తూనే ఉన్నాను. మొన్ననే తొమ్మిదో అధ్యాయం పూర్తయింది."

 బావమరిది పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది.

"నా బూట్లే నయం బావా. అవి కనీసం చిరిగిపోయాయి."

లోపలి గదిలోంచి మాస్టారి భార్య నవ్వు వినిపించింది. బావమరిది కప్పు కింద పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆ తర్వాత?" అన్నాడు.

మాస్టారు మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నారు. ఆ వారమంతా గొడుగుల కొట్టులో బేరానికి వచ్చినవాళ్ళందరికీ టెలిఫోన్ బూత్‌ల కథ గొడుగుతోపాటు ఉచితంగా దొరికింది.

సోమవారం క్లాసు కిక్కిరిసింది. బావమరిది మాట ఇంక వినబడదేమోనని పిల్లలు దిగులుగా కూర్చున్నారు. మాస్టారు లోపలికి వచ్చి, సుద్దముక్క తీసుకుని, గొంతు సవరించుకున్నారు.

"మా బావమరిదికి ఒక బావ ఉన్నాడు" అని మొదలుపెట్టారు.