'భ' దాటిన పేర్లు

మా కుందుర్పి మండలాఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉమాదేవిని మొదట దొంగ అన్నది నేనే. నా పేరు ఎర్రన్న, నాలుగెకరాల మెట్ట ఉంది. ఎవరినైనా సరే, నేను అంత తొందరగా నమ్మను.

అది రెండువేల మూడు, జూన్. ఒక్క వాన పడింది. పదును ఆరేలోగా విత్తనం పడాలి. సబ్సిడీ శనక్కాయల కోసం అందరం పేర్లు రాయించుకున్నాం. ఉమాదేవి గొర్రెలు కాసే నరసింహప్ప కూతురు. అనంతపురంలో కోర్సు చదివొచ్చి, జావా అనే కంప్యూటరు భాషలో తనే ఒక ప్రోగ్రాము రాసి ఆ పేర్లన్నీ అందులో ఎక్కించింది. అక్షరాల వరసలో నా పేరు తెరమీద పైనే కనబడింది. మా అక్క మారెక్క పేరు లేదు. 'భ' దాటాక అసలు ఎవరి పేరూ లేదు!

"సగం ఊరిని మింగినావు కదమ్మా! ఎవరికి అమ్ముకున్నావు?" అని అరిచాను.

"నేనెందుకు అమ్ముకుంటానన్నా? అన్నీ లోపలే ఉండాయి."

"లోపలంటే యాడ?"

ఆఫీసరు బయటికొచ్చి, మధ్యాహ్నంలోగా పేర్లు చూపకపోతే రేపటినుంచి రావద్దని ఆమెకు చెప్పేశాడు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. నాకు జాలి కలగలేదు. ఇంకేం మాయ చేస్తుందోనని పక్కనే స్టూలేసుకుని కాపలా కూర్చున్నాను.

తెరమీద పేర్లున్న విండోను మౌసుతో పైకి లాగింది, అడుగు కనబడలేదు. మూసి మళ్ళీ తెరిచినా అంతే. చాలాసేపటికి తల కొట్టుకుంది.

"అయ్యో నా బుద్ధి! కోర్సులో పెద్ద తెర ముందు కూర్చోని రాసినా. విండో ఎత్తు ఆ కొలతకే పెట్టేసినా. ఈడ తెర చిన్నది కదన్నా, అడుగంతా తెర బయటికి పోతాండాది."

"ఇది నేను నమ్మాల్నా?"

"నమ్మొద్దులేన్నా, చూడు."

ముందు తెర ఎంతుందో కనుక్కుని విండో అంతలోనే ఇమిడేట్టు రెండు మూడు లైన్లు మార్చింది. పట్టికను కిందికి జరిపే వీలు పెట్టింది. తెరిచి, జరుపుతూ, వరండాలో జనానికి వినబడేలా చదివింది. మారెక్క... రామసుబ్బమ్మ... లక్ష్మన్న... హమ్మయ్య అన్నారందరూ.

"వెంకటరాముడు," అని చదివి నావైపు తిరిగింది. "మీ నాయనే కదన్నా? రమ్మను, వేలిముద్ర వేయాల."

ఆయన పేరుతో ఉన్న భూమి పాసుపుస్తకం మీద ఇంకో సంచి విత్తనం వస్తుందని ఆ పేరు రాయించింది నేనే.

"కొట్టెయ్ తల్లీ," అన్నాను.

"ఎందుకన్నా?" అని అడిగింది, నిజంగానే తెలియక.

నా వెనకాల ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మా నాయన పోయి రెండేళ్ళయిందని, ఆ పిల్లకు నా నోటితో నేనే చెప్పాను.