కటింగ్ మాస్టర్ తాగలేదు

మా బావ కటింగ్ మాస్టర్. సుద్దముక్కతో గీత గీశాడంటే కత్తెర వెంట్రుకవాసి కూడా పక్కకు పోయేది కాదు. ఆయన పనిచేసే టైలర్ కొట్టులోనే నేను మిషన్ కుట్టేవాణ్ణి. పెళ్లాం తమ్ముడినన్న మొహమాటం ఆయనకి ఏ కోశానా లేదు. "ఒరేయ్ వంకరకుట్టూ" అనే పిలిచేవాడు.

తాగి తాగి లివర్ పాడుచేసుకున్నాడు. ఒకసారి పొట్టలో నీరు చేరి, మనుషుల్ని పోల్చుకోలేక ఆసుపత్రి పాలయ్యాక మానేశాడు. "మళ్లీ తాగారో, నా దారి నాది" అని అక్క తేల్చి చెప్పింది. రెండేళ్లు చుక్క ముట్టలేదు.

ఈమధ్య మళ్లీ మగతగా ఉంటే, లివర్ వడకట్టలేని విషం పేగుల్లో తగ్గడానికని డాక్టరు పది రోజులకి ఒక యాంటీబయాటిక్ రాశాడు. మనిషి ఇట్టే తేరుకున్నాడు. ఇంత బాగా పనిచేసే మందుని ఆపడమేమిటని, పాత చీటీ చూపించి నేనే తెస్తూ, రోజూ కొట్టులో దగ్గరుండి మింగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మూడో నెలలో బావ నడక తూలింది. మాట ముద్దగా వచ్చింది. ఒకరోజు కత్తెర గీత దాటి ఎవరిదో కోటు గుడ్డని నిలువునా కోసేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎక్కడ తాగొచ్చావు బావా?"

"తాగలేదురా. కాళ్లు మొద్దుబారుతున్నాయి. నేల తెలియట్లేదు."

"తాగినోడికి నేలెక్కడ తెలుస్తుందిలే!"

తిన్నగా వెళ్లి అక్కకి చెప్పేశాను. వాసన రాకపోయినా, ఏదో నమిలి ఉంటాడనుకున్నాం. అక్క పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. బావ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "ఒక్కసారి డాక్టరు దగ్గరికి రా. తాగానని ఆయనంటే వెళ్లిపో."

డాక్టరు ఆయన్ని నడిపించాడు, వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు, మందుల అట్టలు తిరగేశాడు. రక్తపరీక్ష కాగితాలు వచ్చాక అన్నాడు: "ఈయన తాగలేదమ్మా. లివర్ బలహీనమైతే ఈ మాత్ర ఒంట్లోంచి తొందరగా పోదు. పేరుకుపోయి మెదడునీ నరాలనీ దెబ్బతీస్తుంది. ఇవాళే ఆపేయండి, చాలావరకు సర్దుకుంటుంది. అయినా పది రోజులకి రాస్తే మూడు నెలలు ఎవరు తెచ్చి వాడారు?"

నేను అక్క వెనక్కి జరిగాను.

"నేనే తెచ్చుకున్నానండీ," అన్నాడు బావ, అదే ముద్దమాటతో.

తాగలేదని ఆయన ఎన్నిసార్లు నిజం చెప్పినా మేం నమ్మలేదు. ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం అక్క వెంటనే నమ్మేసింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని ఇల్లు చేరేదాకా తిడుతూనే నడిపించింది. నేను వాళ్ల వెనకాలే నడిచాను.