గాలి తగ్గించినాం, దాటినాం

"మామూ పొద్దున పోయినాడు సారూ. మద్యాన్నం జొహర్ నమాజు అయినాక మట్టి," అని లారీ మామూ మేనకోడలు ఫోన్ చేసింది. ఆమెదీ కడపే, ఇక్కడ మస్కట్‌లో, మేముండే ఘుబ్రాలోనే ఒక ఇంట్లో పని. డ్యూటీలో ఉండగానే కబురు తెలిసిందట. గొంతులో ఏడుపు లేదు, వెనక గిన్నెల చప్పుడు మాత్రం వినిపించింది.

మస్కట్ తెలుగువాళ్లలో ఆయన్ని ఎరగనివాళ్లు తక్కువ. ఆయన రాసింది పూర్తిగా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. తారు రోడ్డు పడని రోజుల్లో మత్రా రేవు నుంచి ఒమన్ దక్షిణ కొసన సలాలా దాకా ఇసుకలో, గులకరాళ్లలో లారీ తోలిన మనిషి. ప్రతి సాయంత్రం బండి నీడలో కూర్చుని ఆ రోజు దారి నోటుబుక్కులో రాసుకునేవాడు: ఎక్కడ బావి ఉంది, ఎక్కడ నేల మెత్తన, ఏ ముసలమ్మ ఒంటె పాలు ఇచ్చింది. ఒంటరిగా తోలినా 'మేము' అనే రాసేవాడు. ఎందుకని అడిగితే, "బండి వద్దంటే నేను పోగలనా సారూ?" అన్నాడు. ముసలితనంలో కూడా ఎవరి కారు ఆగి కనిపించినా టైరు మీద అరచెయ్యి వేసి చూసేవాడు, పిల్లవాడి జ్వరం చూసినట్టు.

మా తెలుగు సంఘం వార్షిక సావనీరులో శాలువా ఫోటోలకు చోటు దొరికింది గానీ ఆయన దారికి ఒక్క పేజీ దొరకలేదు. "ఇందులో సాహిత్యం ఏముందండీ" అన్న పెద్దమనిషే ఇప్పుడు సంతాప సభకు అధ్యక్షుడు. నేను పోను.

అయితే ఆ పెద్దమనిషి కన్నా ఎక్కువ అన్యాయం చేసింది నేను. పుస్తకం వేద్దామని నోటుబుక్కులు అడిగింది నేనే. "కండ్లు పోకముందే అచ్చులో చూసుకుంటే చాలు," అంటూ తెచ్చి ఇచ్చాడు. ఇసుక వచ్చిన ప్రతిచోటా అవే మూడు మాటలు: గాలి తగ్గించినాం. దాటినాం. గాలి నింపినాం. టైర్లలో గాలి తీయకపోతే ఇసుకలో బండి కదలదు. గట్టి నేల తగలగానే మళ్లీ నింపాలి. ఒక్కో పేజీలో నాలుగైదుసార్లు ఇదే. దేశదేశాల యాత్రా గ్రంథాలు చదివానన్న గర్వం నాకు. మొదటిది ఉంచి, మిగతావన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

ఆయన మా ఇంట్లో కూర్చుని పేజీలన్నీ తిప్పాడు. టీ చల్లారిపోయింది.

"ఈడ కొట్టేస్తిరి. మళ్ల బండి ఎట్ల దాటినట్టు?"

"చదివేవాడికి తెలుస్తుంది మామూ. ఒకసారి చెప్తే చాలు."

"ఒకసారి తీస్తే చాలదు సారూ. ఇసుక వచ్చినప్పుడల్లా తీయాల. మీరు కొట్టేసిన కాడల్లా నా బండి దిగబడిపాయ," అని నవ్వాడు. నోటుబుక్కులు సంచిలో పెట్టుకుని, చల్లారిన టీ తాగేసి, "మీ ఇంటి టీ మాత్రం బాగుంటాది," అని వెళ్లాడు.

ఆయన మళ్లీ పుస్తకం మాట ఎత్తలేదు. నేనూ మత్రాలో ఆయన ఉండే చోటికి పోలేదు. ఈలోగా ఆయన కళ్లు పోయాయి.

మట్టి అయ్యాక మేనకోడలు ఆ సంచి తెచ్చి నా చేతికి ఇచ్చింది. "మీకే ఇయ్యమన్నాడు. ఉండేది ఉండేట్టు అచ్చు ఏయమన్నాడు."

బండి తోలడం మానేశాక కూడా ఆయన రాయడం మానలేదు. ఆఖరి నోటుబుక్కులో మా ఇంటికి వచ్చిన రోజు ఉంది.

"ఘుబ్రా. సారు ఇల్లు. గాలి తగ్గించినాం. దాటినాం."

ఆ కింద, మూడో మాట ఉండాల్సిన చోట, ఒక వరస ఖాళీగా వదిలాడు. అచ్చులో కూడా దాన్ని అట్లాగే వదిలేస్తాను.