గాలి గీసిన గీత

మా పక్కింటి ఫిజిక్స్ మేష్టారు పోయారని సోమవారం పొద్దున్న బెల్లం కొట్లో పద్దులు రాస్తుండగా కబురొచ్చింది. నర్సీపట్నం కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేను కాలేజీ మెట్లెక్కలేదు. ఆయన డాబా మీద కూర్చుని విన్నదే నా చదువు.

సాయంత్రాలు ఓ ఇత్తడి గొట్టం నా చేతికిచ్చేవారు. ఒక చివర సన్నని చీలిక, లోపల గాజు పట్టకం. "సూర్యుడికేసి కాదయ్యా, పక్కన ఆకాశంకేసి పెట్టు" అనేవారు. రంగుల పట్టీ, దాన్ని కోస్తూ నల్లటి గీతలూ కనిపించేవి. అక్కడి వెలుగును సూర్యుడి మీది ఆవిర్లే మింగేస్తాయని చెప్పేవారు.

డెబ్బై ఎనిమిదిలో కాబోలు, చలి తగ్గే రోజుల్లో, మధ్యాహ్నం ఎక్కిన మేష్టారు చీకటి పడేదాకా డాబా దిగలేదు. పొద్దు వాలేకొద్దీ ముదురు ఎరుపులో ఒక గీత ఇంకా నల్లబడుతోందట.

"సూర్యుడిదైతే పూటకోలా ఉండదు కదా! పొద్దు వాలితే వెలుగు ఎక్కువ గాలి దాటి రావాలి. ఇక్కడి వెలుగును మింగుతున్నది మన గాలే."

విశాఖపట్నం వెళ్లి పుస్తకాలు చూసొచ్చారు. అది ఆక్సిజన్ పనేనట. మనం పీల్చేదే.

ఇంకొకరైతే సంబరపడి ఊరుకునేవారు. ఆయనకి అన్నం సయించలేదు. "ఇన్నేళ్లూ అన్ని గీతలూ సూర్యుడివేనని తప్పు చెప్పాను. నా శిష్యుడొకడు యలమంచిలిలో సైన్సు మేష్టారు. వాడింకెంతమందికి చెప్పుంటాడో!"

మర్నాడే నన్ను తోడు తీసుకుని బస్సెక్కారు.

శిష్యుడు క్లాసులోంచి కంగారుగా వచ్చి, సంగతి విని నవ్వేశాడు. "దీనికోసం ఇంత దూరం వొచ్చీసేరేటండీ? కార్డు ముక్క రాస్తే సరిపోను!"

"చదివి జేబులో పెట్టుకుందువు. నిన్నెరగనా? పిల్లలకి సెప్పీసేవా?"

"పోయిన వారమేనండి."

"అయితే బేగి పద."

అతని నవ్వు పోయింది. "తప్పు సెప్పేనంటే రేపట్నుంచి నన్ను లెక్కసేస్తారేటండీ?"

"నీ తప్పని ఎందుకంటాను? నాదే కదా" అని మేష్టారు క్లాసులోకి నడిచారు.

"మీ మేష్టారికి తప్పు నేర్పింది నేనర్రా!" అనగానే పిల్లలు గొల్లుమన్నారు. ఎరుపులోని ఆ గీత మన గాలిదని చెప్పారాయన. ముందు బెంచీలో అమ్మాయి లేచింది. "మరి మిగతా గీతలు సూర్యుడివేనాండీ?"

"చాలా మట్టుకు. నాకు తెలిసినంత వరకూ."

ఆ చివరి మాట తరవాత ఆయన చెప్పే ప్రతి పాఠానికీ తోకలా ఉండేది.

అప్పుడు సుద్దముక్క శిష్యుడి చేతిలో పెట్టి, "ఇంక నువ్వు చెప్పు" అన్నారు. అతను గొంతు సవరించుకుని, బోర్డు మీద భూమి చుట్టూ గాలిని గీయడం మొదలుపెట్టాడు. మేష్టారు వెనక బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని, మోకాళ్లు పట్టక ఓ పక్కకి తిప్పుకుని, తలెత్తి వింటున్నారు.